చంటిబిడ్డకు జ్వరం: మందు సీసా మూత తీసే ముందు

బిడ్డ ఒళ్లు కాలుతోందని తెలియగానే ఇంట్లో అందరి చేయీ మందు సీసా మీదికే వెళ్తుంది. పోయినసారి మిగిలినది, పక్కింటి పిల్లాడికి రాసినది, మెడికల్ షాపులో 'పిల్లల జ్వరానికి ఇవ్వండి' అని అడిగి తెచ్చినది. ఆ చేతిని ఒక్క నిమిషం ఆపి రెండు సంగతులు చూసుకోవాలి: బిడ్డ వయసు ఎంత, బరువు ఎంత. జ్వరం ఎన్ని డిగ్రీలన్నది ఆ తర్వాతి మాట. 103 ఉన్నా మందు పడ్డాక లేచి ఆడుకునే ఏడాది పిల్ల ఇంట్లోనే కోలుకోవచ్చు. 100 మాత్రమే ఉండి పాలు వదిలేసిన నెల బిడ్డ మాత్రం ఈ రాత్రే ఆసుపత్రిలో ఉండాలి.

రెండు నెలలు నిండలేదా? ఇంటి వైద్యం లేదు

పుట్టిన రోజు నుంచి రెండు నెలలు నిండేవరకు జ్వరాన్ని ఇంట్లో చూసుకునే ప్రశ్నే లేదు. చంకలో పెట్టి చూస్తే 99.5 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 37.5 సెల్సియస్, అంతకంటే ఎక్కువ ఉంటే ఆసుపత్రికి బయలుదేరాలి. ఈ వయసులో రక్తంలో, మెదడు పొరల్లో, మూత్రంలో చేరిన ఇన్‌ఫెక్షన్ కూడా పైకి చిన్న వేడిగానే కనిపిస్తుంది. దగ్గు ఉండదు, జలుబు ఉండదు. పారాసిటమాల్ వేస్తే ఆ ఒక్క గుర్తు కూడా చెరిగిపోయి, రోగం మాత్రం లోపల నడుస్తూ ఉంటుంది. అందుకే మందు వేయకుండా బయలుదేరాలి.

ఇంకో మాట చాలామందికి తెలియదు. ఈ వయసు బిడ్డ ఒళ్లు చల్లబడటం కూడా జ్వరమంత ప్రమాదమే. 35.5 సెల్సియస్ కంటే, అంటే దాదాపు 96 ఫారన్‌హీట్ కంటే తగ్గితే, బిడ్డను తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్లు ఆనేలా పెట్టుకుని, పైన దుప్పటి కప్పి, అలాగే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో పాలు పట్టడం ఆపకూడదు.

ఒక మినహాయింపు మన ఎండల వల్ల వస్తుంది (టీకా వేసిన రోజు వచ్చే జ్వరం సంగతి చివర్లో వేరుగా ఉంది). నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల ఇంట్లో, బాలింత గదికి గాలి తగలకూడదని కిటికీలు మూసి, బిడ్డకు టోపీ, స్వెట్టరు తొడిగి పడుకోబెడితే ఏ రోగం లేకుండానే ఒళ్లు వేడెక్కుతుంది. బిడ్డ చురుగ్గా పాలు తాగుతూ ఉంటేనే ఈ పని చేయండి: బట్టలు వదులు చేసి, గాలి ఆడే చోటికి మార్చి, పాలిచ్చి, అరగంట తర్వాత మళ్లీ కొలవండి. అప్పటికీ 99.5 ఉంటే అది ఎండ వేడి కాదు. పాలు తాగకపోయినా, లేపినా కదలకపోయినా ఆ అరగంట కూడా ఆగకూడదు.

రెండు నుంచి మూడు నెలల మధ్య బిడ్డనైతే అదే రోజు డాక్టరుకు చూపించాలి. మందు డాక్టరు చెప్పాకే. ఈ వ్యాసంలో ఇక ముందు చెప్పేదంతా, వేరే వయసు అని చెప్పిన చోట తప్ప, మూడు నెలలు దాటిన పిల్లల గురించి.

కొలవడం

అరచేయి థర్మామీటరు కాదు. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చేతికి బిడ్డ చల్లగా తోస్తుంది, చల్లని నీళ్లు ముట్టిన చేతికి వేడిగా తోస్తుంది. మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. చంకలోని చెమట తుడిచి, కొన చర్మానికి ఆనేలా పెట్టి, బిడ్డ చేతిని ఒంటికి అదిమి పట్టుకుని, బీప్ వినిపించేదాకా కదలనివ్వకూడదు. స్నానం చేయించిన వెంటనే, దుప్పట్లోంచి తీసిన వెంటనే కొలవవద్దు. నుదుటికి గురిపెట్టే తుపాకీలాంటి పరికరం ఇంట్లో ఉంటే ఉండనీయండి, నిర్ణయం మాత్రం చంకలో చూసిన అంకె మీదే తీసుకోండి. పాత పాదరసం గొట్టాలు పిల్లల దగ్గరకు తేవద్దు.

చంకలో 99.5 దాటితే జ్వరం మొదలైనట్టు. అంకె, సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. 'నిన్నటి నుంచి వస్తూ పోతూ ఉంది' అనే జవాబు ఆయనకు పెద్దగా పనికిరాదు.

అంకె కంటే బిడ్డే ముఖ్యం

కొలిచాక థర్మామీటరు పక్కన పెట్టి బిడ్డను చూడండి. పిలిస్తే తల తిప్పుతోందా, తల్లి ముఖం చూస్తోందా, రొమ్ము పట్టి గట్టిగా చప్పరిస్తోందా, ఏడిస్తే గొంతు నిండుగా ఉందా. జ్వరంతో చిరాకు, ఎత్తుకోమని మారాం మామూలే. కళ్లు తేలేసి, మెడ వాల్చి, పిలిచినా పలకకుండా పడి ఉండటం మామూలు కాదు.

తర్వాత ఊపిరి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టండి. పూర్తి నిమిషం లెక్కించాలి, పావు నిమిషం చూసి నాలుగింతలు చేయకూడదు; పసిపిల్లల ఊపిరి ఒకే తీరులో నడవదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల పిల్లలకు 40, అంత ఉన్నా, అంతకు మించినా వేగంగా ఉన్నట్టు. (రెండు నెలల లోపు బిడ్డకు ఆ గీత 60.) డొక్కలు ఎగరేస్తున్నా, అంటే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నా, మూలుగు వినిపిస్తున్నా న్యుమోనియా అనుమానించి వెంటనే తీసుకెళ్లాలి. ఇది నేర్చుకోవడానికి జ్వరం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆశ కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి పక్కన కూర్చుని లెక్కపెట్టించుకోండి. 42 రోజుల వరకు నవజాత శిశువును చూడటానికి, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఆమె ఇంటికి రావడం కార్యక్రమంలోనే ఉంది. వచ్చినప్పుడు కార్డు మీద సంతకం పెట్టించుకుని పంపేయకండి.

మాడు మీద కూడా చేయి వేసి చూడండి. బిడ్డను కూర్చోబెట్టినట్టు ఎత్తుకుని, ఏడవనప్పుడు తడమాలి. లోతుగా గుంట పడితే ఒంట్లో నీరు తగ్గినట్టు. ఉబ్బి బిగుతుగా ఉంటే మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకిందేమో చూడాలి, అంటే ఆసుపత్రి.

ఒళ్లు చల్లబరచడం

పల్చని నూలు చొక్కా ఒకటి, డైపరు లేదా గుడ్డ ఒకటి, అంతే. చలి జ్వరమని దుప్పట్లు కప్పితే వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. వణుకుతున్నంతసేపు పల్చని దుప్పటి కప్పి, వణుకు తగ్గగానే తీసేయండి. ఫ్యాను వేయవచ్చు. కూలర్ గాలి సూటిగా బిడ్డ మీదికి కొట్టకుండా గోడవైపు తిప్పితే సరిపోతుంది.

తడిగుడ్డ గురించి అనవసరమైన నమ్మకం ఎక్కువ. గోరువెచ్చని నీళ్లతో తుడవడం వల్ల కాసేపు హాయిగా ఉంటే ఉండవచ్చు, అదే వైద్యం కాదు. కుండ నీళ్లు, ఫ్రిజ్ నీళ్లు, ఐసు అసలు వాడకూడదు. చర్మం చల్లబడగానే బిడ్డ వణుకుతుంది, వణుకు ఒంట్లో వేడిని ఇంకా పెంచుతుంది. స్పిరిట్ లాంటివి రుద్దితే చర్మం గుండా లోపలికి పోతాయి. తుడిచేటప్పుడు బిడ్డ ఏడ్చి గొడవ చేస్తే ఆపేయండి.

పాలు, నీళ్లు, గంజి

ఆరు నెలల లోపు బిడ్డకు రోహిణి కార్తె ఎండలో కూడా తల్లి పాలే నీళ్లు. పాలలో ఎనభై శాతానికి పైగా నీరే ఉంటుంది. జ్వరంలో ఒక్కసారి కడుపునిండా తాగదు కాబట్టి ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా ఇవ్వండి. ముక్కు దిబ్బడ వేసి పాలు పట్టలేకపోతే, పాలిచ్చే ముందు ఉప్పునీటి చుక్కలు, మెడికల్ షాపులో 'సెలైన్ నేసల్ డ్రాప్స్' అని దొరికేవి, రెండేసి చుక్కలు వేస్తే తేలికపడుతుంది. 'తల్లికి జ్వరం, పాలు పడవు' అని పాలు మాన్పించడం తప్పు. తల్లికి మామూలు జ్వరం ఉన్నా పాలివ్వవచ్చు.

ఆరు నెలలు దాటిన పిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లు, గంజి, రాగి జావ, పప్పుకట్టు కలిపిన మెత్తని అన్నం, పెరుగన్నం. పెరుగుతో జలుబు చేస్తుందన్న భయం అక్కర్లేదు. తినకపోతే బలవంతం వద్దు, తాగడం మాత్రం ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు.

నీళ్ల గురించి మన జిల్లాల వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కథ నేను చెప్పక్కర్లేదు. బిడ్డ నోట్లోకి పోయేదానికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లే కాచి వాడండి.

విరేచనాలు కూడా ఉంటే ఓఆర్ఎస్ కావాలి. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చెంచాడు చొప్పున కాదు. కలిపింది 24 గంటల్లో వాడి మిగిలింది పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. గ్లూకోజ్ పొడి ఓఆర్ఎస్ కాదు. పండ్ల రసంలా డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలూ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఆశ దగ్గర, ఉపకేంద్రంలో అయితే ఉచితంగానే ఇస్తారు.

పారాసిటమాల్ లెక్క: తొందర పడకూడని చోటు

మందు జ్వరాన్ని పూర్తిగా దింపడానికి కాదు, బిడ్డకు బాధ తగ్గించడానికి. 102 ఉన్నా హాయిగా నిద్రపోతున్న బిడ్డను లేపి మందు పోయనక్కర్లేదు. 100.5 ఉన్నా ఒళ్లు నొప్పులతో పాలు తాగకుండా ఏడుస్తుంటే ఇవ్వవచ్చు. వేసిన గంటకు 103 నుంచి 101కి దిగినా మందు పనిచేసినట్టే.

మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఉండాలి. రోజుకు నాలుగుసార్లు మించకూడదు. బిడ్డ బరువు తెలియకపోతే తల్లీబిడ్డల కార్డు తీయండి, అంగన్‌వాడీలో నెలనెలా తూచిన బరువు ఉంటుంది.

అసలు చిక్కు సీసాల్లో ఉంది. ఒకే పారాసిటమాల్ మూడు రకాల బలంతో అమ్ముతారు. చుక్కల మందు సాధారణంగా ఒక్క మి.లీ.లో 100 మి.గ్రా. సిరప్ ఒకటి 5 మి.లీ.లో 120 లేదా 125 మి.గ్రా., ఇంకొకటి 5 మి.లీ.లో 250 మి.గ్రా. చూడటానికి చిన్న సీసా కాబట్టి చుక్కల మందు పల్చనిదనుకుంటారు. నిజానికి మూడింటిలో అదే చిక్కనిది. డాక్టరు ఒక చెంచా సిరప్ రాస్తే, షాపులో అది లేక చుక్కల సీసా ఇస్తే, ఇంట్లో అదే చెంచా నిండా పోస్తే 500 మి.గ్రా. పడుతుంది. అది పెద్దవాళ్ల మాత్ర. అలా రోజుకు మూడు నాలుగుసార్లు పడితే బిడ్డ కాలేయం దెబ్బతింటుంది.

ఎనిమిది కిలోల బిడ్డకు గరిష్ఠ మోతాదు 120 మి.గ్రా. చుక్కల మందులో అది 1.2 మి.లీ. 120 సిరప్‌లో 5 మి.లీ. 250 సిరప్‌లో 2.4 మి.లీ. ఆరు కిలోల బిడ్డకు 90 మి.గ్రా., అంటే చుక్కల్లో 0.9, 125 సిరప్‌లో 3.6, 250 సిరప్‌లో 1.8 మి.లీ. మీ సీసా మీద వేరే అంకె ఉంటే ఈ కొలతలు పనికిరావు. లేబుల్ ఫొటో తీసి ఏఎన్ఎంకో, డాక్టరుకో చూపించి అడగండి. వంటింటి చెంచాతో కొలవవద్దు. సీసాతో వచ్చిన డ్రాపర్‌తో గానీ, సూది లేని సిరంజితో గానీ బుగ్గ లోపలి వైపు మెల్లగా వదలండి. ముక్కు మూసి గొంతులో పోయడం చాలా ఇళ్లలో చూస్తాం, మందు ఊపిరితిత్తుల్లోకి పోయేది అలాగే. మింగిన వెంటనే మొత్తం కక్కేస్తే మళ్లీ ఇవ్వవచ్చు. అరగంట దాటాక కక్కితే ఇవ్వకూడదు.

జలుబు సిరప్‌లలో కూడా చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే మోతాదు రెట్టింపు. అసలు ఆ సిరప్‌లే వద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో చెప్పారు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్రం 2025 అక్టోబరులో సూచించింది.

ఐబుప్రోఫెన్ ఆరు నెలల లోపు వద్దు. విరేచనాలతో నీరసించినప్పుడు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది గానీ మెఫెనమిక్ ఆసిడ్ గానీ డాక్టరు చెప్పకుండా వేయకూడదు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ పొడి సీసాలో నీళ్లు కలిపి పోయడం, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర 'ఒక సూది వేయించుకుంటే దిగిపోతుంది' అనుకోవడం ఒకే రకం జూదం. జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌వి, వాటిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. సూదిలో ఏముందో మీకు తెలియదు, తర్వాత చూసే డాక్టరుకూ తెలియదు.

ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుంచి అయిదేళ్ల మధ్య పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి అయిదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్ల ప్రాణం పోయినంత పనవుతుంది గానీ, ఎక్కువ భాగం రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. బిడ్డను నేలమీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లోని నురగ, పాలు బయటికి కారిపోతాయి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. గడియారం చూడండి. చేయాల్సింది ఇంతే. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ముఖం మీద నీళ్లు కొట్టడం వద్దు. ఫిట్స్ ఆగిందీ ఇనుము వల్లేనని నమ్మేవాళ్లతో ఆ క్షణంలో వాదించకండి, బిడ్డ నోట్లో ఏదీ పెట్టకుండా చూడండి చాలు.

అయిదు నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా 108. ఆగిపోయినా, మొదటిసారి అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆరు నెలల లోపు బిడ్డకు వస్తే ఎన్ని సెకన్లు వచ్చినా అత్యవసరమే.

నాయనమ్మల మాట

దిష్టి తీయండి, తాయెత్తు కట్టండి, గుమ్మానికి వేపమండ పెట్టండి. బిడ్డకు హాని లేదు, పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. గీత దాటేవి వేరే ఉన్నాయి. ఛాతీకి కర్పూరం కలిపిన నూనె రాయడం, యూకలిప్టస్ నూనె చుక్కలు మూతికి పూయడం పసిబిడ్డకు ప్రమాదం. కర్పూరం వల్లే ఫిట్స్ రావచ్చు. ముక్కులో, చెవిలో నూనె పోయవద్దు. సాంబ్రాణి పొగ దగ్గున్న బిడ్డకు ఊపిరాడనివ్వదు. పసరు పోయడం, పొట్టమీద వాతలు పెట్టడం ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. అత్తమ్మ అయినా, ఊరి పెద్ద అయినా, వాత దగ్గర మాత్రం మర్యాద చూడకుండా 'వద్దు' అనాల్సిందే.

'పళ్లు వస్తున్నాయి, అందుకే జ్వరం' అన్నది ఇంకో మాట. పళ్లు వచ్చేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు, 101, 102 జ్వరం రాదు. ఆ మాట నమ్మి ఆగిన చోటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ దొరకకుండా పోతుంది. దగ్గు, జలుబు, విరేచనాలు ఏవీ లేకుండా రెండు రోజులు జ్వరం ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లలకు, మూత్ర పరీక్ష అడిగి చేయించండి.

టీకా జ్వరం, వానాకాలం జ్వరం

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల తర్వాత అదే రోజు జ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఏఎన్ఎం చెప్పిన మోతాదే ఇవ్వండి, సూది వేసిన చోట ఏమీ రాయవద్దు. రెండు నెలల లోపు బిడ్డ పాలు మానేసినా, మరుసటి రోజుకూ తగ్గకపోయినా టీకా జ్వరమే అనుకుని కూర్చోకూడదు. తొమ్మిది నెలల తర్వాత వేసే మీజిల్స్-రుబెల్లా టీకా జ్వరం వారం పది రోజులకు రావచ్చు.

వానలు మొదలయ్యాక వచ్చే జ్వరంలో డెంగీని మనసులో ఉంచుకోవాలి. డెంగీలో మోసం ఏమిటంటే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అపాయం అప్పుడే మొదలవుతుంది. జ్వరం తగ్గి బిడ్డ ఇంకా డీలాపడినా, కాళ్లు చేతులు చల్లబడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్లలో, మలంలో రక్తం కనిపించినా, పొట్ట ముట్టుకుంటే ఏడ్చినా ఆసుపత్రికే. ఆ దోమ పగలు కుడుతుంది, కాబట్టి పగటి నిద్రలో కూడా దోమతెర వేయండి.

ఎప్పుడు, ఎక్కడికి

పైన చెప్పిన ప్రమాద గుర్తులకు తోడు మరికొన్ని: ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఏది తాగినా కక్కేయడం, ఎంత ఊరడించినా ఆగని కీచు ఏడుపు, గాజు గ్లాసుతో ఒత్తినా చెదరని ఎర్రని, నీలి మచ్చలు, పెదాలు నీలం కావడం. వీటిలో ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు. ఇవేవీ లేకపోయినా మూడు నుంచి ఆరు నెలల బిడ్డకు 102 దాటితే అదే రోజు, ఏ వయసు వాళ్లకైనా 104 దాటితే వెంటనే, రెండు రోజులకూ జ్వరం పోకపోతే మూడో రోజు పొద్దునే చూపించాలి.

మన దగ్గర చాలామంది మొదటి ఆలోచన హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి. మంచి ఆసుపత్రే, కానీ నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు. అమ్రాబాద్, దేవరకొండ తండాల నుంచి ఇంకా ఎక్కువ. ఊపిరి అందని బిడ్డను రాత్రివేళ బైకు మీద అంత దూరం తీసుకుపోవడం కంటే, దగ్గరలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు ఆక్సిజన్, సెలైన్ ఎక్కించి అవసరమైతే అక్కడి నుంచి అంబులెన్సులో పంపించడం బిడ్డకు మేలు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, వాటి ఆసుపత్రుల్లో పిల్లల డాక్టర్లు ఉంటారు. 108 ఉచితం. ఫోను చేసేటప్పుడు ఊరి పేరుతో పాటు మండలం, ఇంటి దగ్గరి గుర్తు చెప్పండి. ఒకే పేరున్న ఊళ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, జ్వరం రాసిన కాగితం, ఇప్పటిదాకా వేసిన మందుల సీసాలు సంచిలో వేసుకోండి. 'ఎర్ర మందు' అని చెప్పడం కాదు, సీసానే చూపించాలి. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించి ఉంటే సిగ్గుపడి దాచకండి.

తగ్గాక

జ్వరం పోయాక రెండు వారాల పాటు ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజూ ఒక పూట తిండి అదనంగా పెట్టాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని కాస్త నెయ్యి వేసి జావలా పెట్టినా సరే. ఆరు నెలల లోపు అయితే పాలు ఎక్కువసార్లు. విరేచనాలు అయి ఉంటే జింక్ మాత్రలు విరేచనాలు ఆగినా ఆపకుండా పద్నాలుగు రోజులూ వేయాలి. జ్వరం వల్ల ఆగిన టీకాను బిడ్డ కోలుకోగానే వేయించండి. తెరిచిన సిరప్ సీసా మీద తెరిచిన తేదీ రాసి, లేబుల్‌పై చెప్పినన్ని రోజులు దాటాక పారేయండి. వచ్చే నెల తూకంలో బరువు పెరగకపోయినా, తగ్గినా, ఏఎన్ఎంకు ఆ కార్డు చూపించండి.